సెర్చ్ బాక్స్‌లో సిబ్బంది టైపు చేసే మాటలే ఆధారంగా సంస్థ నాలెడ్జ్ బేస్‌ను చక్కదిద్దడం ఎలా?

పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు తయారుచేసి బయటి రాష్ట్రాలకు పంపే ఒక సంస్థలో నాలెడ్జ్ బేస్ (పని సూచనల పేజీలన్నీ ఒకచోట ఉంచే సైట్) నిర్వహణ నా బాధ్యత. పిక్కల (ముడి జీడిగింజల) కొనుగోలు మొదలుకొని బాయిలింగ్, కటింగ్, బోర్మాలో (వేడి గదిలో) ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్, ప్యాకింగ్, లారీ లోడింగ్, జీతాలు, సెలవుల దాకా ప్రతి పనికీ అందులో ఒక పేజీ ఉంది. పేజీలన్నీ ఉన్నా ఆఫీసుకు వచ్చే ఫోన్లు మాత్రం తగ్గేవి కావు. ఎందుకు తగ్గడం లేదో నాకు తెలియజెప్పినవి సిబ్బంది వెతికిన మాటలను భద్రపరిచే సెర్చ్ నమోదులోని మూడు వరుసలు.

ఒక రాత్రి మా సరుకుతో వెళ్తున్న లారీ ఇచ్ఛాపురం దాటాక చెడిపోయింది. డ్రైవరు ఇంకో లారీని మాట్లాడుకుని, సరుకును అందులోకి మార్చవచ్చా అని డిస్పాచ్ గుమస్తాకు ఫోన్ చేశాడు. గుమస్తా తన ఫోన్‌లో నాలెడ్జ్ బేస్ తెరిచి మొదట "బండి మారింది" అని, రెండు నిమిషాల తరువాత "లారీ చెడిపోయింది" అని, చివరికి "వేరే బండి ఈవే బిల్లు" అని వెతికాడు. మూడుసార్లూ ఫలితం సున్నా. అతనికి కావలసిన సమాచారం నేనే రాసి పెట్టాను. అయితే ఆ పేజీ పేరు "ఈ-వే బిల్లు పార్ట్-బి సవరణ విధానం". ఈ-వే బిల్లు అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే పత్రం; పార్ట్-బి అందులో వాహనం వివరాలు ఉండే భాగం. సరుకును వేరే వాహనంలోకి మార్చినప్పుడు కొత్త బిల్లు తీయనక్కరలేదని, బయల్దేరే ముందు పార్ట్-బిలో కొత్త వాహనం నంబరు నమోదు చేయాలని అందులో స్పష్టంగానే ఉంది. ఆ పేజీ దొరకకపోవడంతో లారీ తెల్లవారే దాకా రోడ్డు పక్కనే నిలిచిపోయింది.

మీ సంస్థ జీడిపప్పుది కాకపోవచ్చు. పైడిభీమవరంలోని మందుల కర్మాగారం కావచ్చు, నెల్లిమర్లలోని జనపనార మిల్లు కావచ్చు, విజయనగరంలోని పది మంది ఉన్న చిన్న ఆఫీసు కావచ్చు. ఎక్కడైనా సిబ్బంది తమకు ఏం తెలియడం లేదో తమ సొంత మాటల్లో చెప్పే చోటు సెర్చ్ బాక్స్ ఒక్కటే. సమావేశంలో అడిగితే "అన్నీ బాగానే ఉన్నాయి సార్" అనే మనిషే రాత్రి పదకొండు గంటలకు తన అవసరాన్ని దాపరికం లేకుండా అక్కడ టైపు చేస్తాడు. ఆ మాటలను చదివి, పేజీలను దిద్దే పద్ధతిని కింద వరుసగా వివరిస్తున్నాను.

మొదట: ఈ లెక్కలు ఏ నిర్ణయం కోసమో తేల్చుకోండి

నివేదికలు తెరిచే ముందే ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసుకోండి. కొత్త పేజీ రాయాలా? ఉన్న పేజీ పేరును, అందులోని మాటలను మార్చాలా? పేజీలోని విషయాన్నే సరిచేయాలా? పేజీని తీసివేయడమో వేరొకదానిలో కలపడమో చేయాలా? ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికీ జవాబు ఇవ్వని అంకెను మీ నెలవారీ నివేదికలో చేర్చకండి. "ఈ నెల మొత్తం వీక్షణలు" అనేది అటువంటి అంకె. అది పెరిగినంత మాత్రాన మంచి జరిగినట్టు కాదు. ఒకే సమాధానం కోసం మనుషులు ఐదు పేజీలు తిరిగినా ఆ అంకె పెరుగుతుంది.

రెండవది: నమోదు సరిగా జరుగుతున్నదో లేదో చూసుకోండి

మీరు వాడే సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఇది మారుతుంది. షేర్‌పాయింట్‌లో సెర్చ్ వినియోగ నివేదికలు ఉన్నాయి. ఎక్కువగా వెతికిన మాటలను, ఫలితాలు వచ్చినా ఎవరూ తెరవక వదిలేసిన మాటలను, ఏ ఫలితమూ రాని మాటలను అవి వేర్వేరుగా చూపిస్తాయి. సైట్ వాడకాన్ని లెక్కించే మటోమోలో ఫలితం రాని మాటల జాబితాతో పాటు, వెతికిన తరువాత ఏయే పేజీలు తెరిచారో కూడా తెలుస్తుంది. గూగుల్ అనలిటిక్స్ 4 వాడేవారు అందులోని మెరుగైన కొలత (Enhanced measurement) అనే ఏర్పాటులో సైట్ సెర్చ్‌ను ఆన్ చేసుకోవాలి. పేజీ వెబ్ చిరునామాలో క్యూ (q), ఎస్ (s), సెర్చ్ (search), క్వెరీ (query), కీవర్డ్ (keyword) అనే పేర్లతో వచ్చే వెతుకు పదాలను అది తనంతట తానే పట్టుకుంటుంది. మీ నాలెడ్జ్ బేస్ వేరే పేరు వాడుతున్నట్లయితే ఆ పేరును మీరు విడిగా చేర్చాలి. ఇదే సాధనంలో వివరంగా పరిశీలించేందుకు ఉంచే డేటా మామూలుగా 2 నెలలే నిలువ ఉంటుంది కాబట్టి ఆ గడువును మొదటి రోజే 14 నెలలకు మార్చుకోండి, నెలకొకసారి జాబితాను ఎక్సెల్‌లో భద్రపరచండి. మన పనులు సీజన్లను బట్టి నడుస్తాయి; పోయిన ఏడాది ఏప్రిల్ లెక్క చేతిలో లేకపోతే ఈ ఏడాది ఏప్రిల్ లెక్కకు అర్థం ఉండదు.

నాలెడ్జ్ బేస్ వినియోగదారులకు కూడా తెరిచి ఉన్నట్లయితే గూగుల్ సెర్చ్ కన్సోల్‌ను కలుపుకోండి. జనం గూగుల్‌లో ఏ మాట టైపు చేసి మీ పేజీ దాకా వచ్చారో అది 16 నెలల వరకు చూపిస్తుంది.

మీ సాఫ్ట్‌వేర్‌లో సెర్చ్ నమోదు ఏదీ లేకపోతే ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఫోన్‌లో, వాట్సాప్ గ్రూపులో, గది గుమ్మం దగ్గర ఎవరు ఏం అడిగినా, అడిగిన మాటను అడిగినట్టే, తేదీ వేసి రాయండి. "రవాణా పత్రాల సందేహం" అని మీ భాషలో సారాంశం రాయకండి. "బండి మారింది ఏటి సెయ్యాల" అని అడిగితే అలాగే రాయండి. నెల రోజుల పుస్తకం ఏ ఖరీదైన సాధనానికీ తీసిపోదు.

ప్రతి వెతుకులాటకూ తేదీ, సమయం, టైపు చేసిన మాట, వచ్చిన ఫలితాల సంఖ్య, తెరిచిన పేజీ, ఆ పేజీ జాబితాలో ఎన్నవ స్థానంలో ఉన్నదీ నమోదు కావాలి. మనిషి పేరు అవసరం లేదు. విభాగం తెలిస్తే చాలు. ఈ విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. "జీతం కోత", "ప్రసూతి సెలవు", "రాజీనామా నోటీసు" వంటి మాటలను ఫలానా వ్యక్తి వెతికాడని సూపర్‌వైజరుకు తెలిసే అవకాశం ఉంటే, మరుసటి రోజు నుంచి అక్కడ ఎవరూ మనసు విప్పి వెతకరు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. చట్టం మాట అలా ఉంచినా, ఏం నమోదు అవుతున్నదో, ఎందుకు అవుతున్నదో సిబ్బందికి ముందే చెప్పడం మర్యాద. పేజీలు రాసే మీ బృందం వీక్షణలను లెక్క నుంచి తీసివేయడం కూడా మరవకండి. కొత్త పేజీని దిద్దుతూ మనమే ఇరవై సార్లు తెరిచి, దానికి ఆదరణ ఉందనుకోవడం చాలా సులువు.

మూడవది: ఒకే మాటకు ఉన్న రూపాలన్నీ ఒకచోట చేర్చండి

ఇంగ్లిషులో నడిచే సంస్థలకు లేని కష్టం తెలుగులో నడిచే నాలెడ్జ్ బేస్‌కు ఇక్కడ ఎదురవుతుంది. జాబితాను యథాతథంగా లెక్కపెడితే పెద్ద సమస్యలు చిన్నవిగా కనిపిస్తాయి, ఎందుకంటే ఒకే అవసరం పది రూపాలుగా చీలిపోయి ఉంటుంది.

"సెలవు" అనే ఒక్క మాటను చూడండి. సెలవులు, సెలవుకు, సెలవుకి, సెలవుల్లో, శెలవు అని వస్తుంది. లీవు అని, లీవ్ అని వస్తుంది. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాటను టైపు చేసేవారు దాన్నే రెండు మూడు రకాలుగా రాస్తారు. తెలుగు విభక్తులను విడదీయడం రాని సెర్చ్‌కు ఇవన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేని మాటలే. పీఎఫ్, పి.ఎఫ్., పి ఎఫ్, ప్రావిడెంట్ ఫండ్, భవిష్య నిధి అనేవి ఐదు వేర్వేరు వరుసలుగా కనిపిస్తాయి. "పెళ్ళి", "పెళ్లి" అనే రెండు వర్ణక్రమాలూ తెలుగులో చెల్లుతాయి కాని, సెర్చ్‌కు ఆ సంగతి తెలియదు. "జీడిపప్పు" కలిపి రాసేవారు కొందరు, "జీడి పప్పు" అని విడదీసేవారు కొందరు.

వీటన్నిటికంటె కంటికి కనపడనిది ఒకటి ఉంది. "గేట్‌పాస్" అని టైపు చేసేటప్పుడు టకార పొల్లు తరువాత పకారం ఒత్తుగా మారకుండా ఉండేందుకు కొన్ని కీబోర్డులు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య గుర్తును చేరుస్తాయి. ఆ గుర్తు లేకుండా టైపు చేస్తే అదే మాట "గేట్పాస్" అవుతుంది. విడదీస్తే "గేట్ పాస్" అవుతుంది. మీ పేజీ పేరులో ఒక రూపం, వెతికే మనిషి ఫోన్‌లో ఇంకో రూపం ఉంటే ఫలితం సున్నాయే. మా గుమస్తా మూడవసారి టైపు చేసిన మాటలో జరిగింది ఇటువంటిదే: పేజీలో "ఈ-వే" అని అడ్డగీతతో ఉంది, అతను "ఈవే" అని కలిపి రాశాడు, టైపు చేసిన మాటలన్నీ ఉన్న పేజీనే చూపించే మా సెర్చ్ దాన్ని పక్కన పెట్టేసింది.

కాబట్టి జాబితాను ఎక్సెల్‌లోకి తీసుకుని, పక్క గడిలో ప్రతి మాటకూ ఒక "మూల అవసరం" రాయండి. సెలవు రూపాలన్నిటి పక్కన "సెలవు" అని, బండి, లారీ, వెహికల్ పక్కన "వాహనం" అని. తరువాత ఆ రెండవ గడిని లెక్కపెట్టండి. ఇది చేత్తో చేయవలసిన పనే. యంత్రానికి అప్పగించకండి, కనీసం మొదటి మూడు నెలలు. చేతితో చేసినప్పుడే మనుషులు ఏ మాట వాడుతున్నారో మీకు వంటపడుతుంది. జాబితా పొడవు చూసి భయపడనక్కరలేదు: కొద్ది మాటలే పదేపదే వస్తాయని, మిగిలినవి ఒకటి రెండుసార్లకు మించి రావని అమెరికా భాషాశాస్త్రవేత్త జార్జ్ కింగ్స్‌లీ జిఫ్ మాటల వాడకం గురించి చెప్పిన తీరు సెర్చ్ పదాలకూ వర్తిస్తుంది. పైనున్న 50 మాటలను శ్రద్ధగా చదివితే పనిలో పెద్ద భాగం అయినట్టే. అయితే కింది భాగాన్ని కూడా ఒకసారి కళ్ళతో చూసి వెళ్ళండి. "బండి మారింది" అక్కడే, ఒక్కసారి మాత్రమే ఉంది.

నాలుగవది: ఫలితం రాని మాటలను కారణం వారీగా విడదీయండి

వారానికి అరగంట మాత్రమే దొరికితే ఆ అరగంటా దీనికే కేటాయించండి. ఫలితం సున్నా అయిన ప్రతి మాటకూ మూడు కారణాల్లో ఒకటి ఉంటుంది, వాటికి మందులు వేర్వేరు.

మొదటి కారణం, అసలు ఆ విషయం మీద పేజీ లేకపోవడం. దీనికి కొత్త పేజీ రాయాలి. అయితే తొందరపడకండి; చాలామంది ఈ నివేదిక చూడగానే వరుసగా కొత్త పేజీలు రాసేస్తారు, నెల తిరిగేసరికి ఒకే విషయం మీద రెండు పేజీలు తయారై, ఏది సరైనదో తెలియని పరిస్థితి వస్తుంది.

రెండవ కారణం, పేజీ ఉండి, వేరే మాటతో ఉండడం. మా అనుభవంలో పెద్ద వాటా దీనిదే. మా కొనుగోలు పేజీ పేరు "ముడి జీడిగింజల సేకరణ విధానం". మా ఉద్దానం ప్రాంతంలో పుట్టి పెరిగిన ఏ మనిషీ ముడి జీడిగింజలు అనడు, పిక్కలు అంటాడు. 80 కిలోల పిక్కల బస్తా ధర ఎంత, తేమ ఎలా చూడాలి, బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుంది అన్నవే అతని ప్రశ్నలు. పేజీలో ఈ జవాబులన్నీ ఉన్నా, "పిక్కలు" అనే మాట ఒక్కచోట కూడా లేదు. గ్రేడింగ్ పేజీలోనూ ఇదే పొరపాటు. "డబ్ల్యూ-320 శ్రేణి ప్రమాణాలు" అని మేము రాసుకున్నాము. గ్రేడింగ్ బల్ల దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి "320 అంటే ఎన్ని గుండ్లు" అని వెతుకుతుంది. పౌండుకు 300 నుంచి 320 గుండు పప్పులు తూగితే అది 320 అని, 220 నుంచి 240 తూగితే 240 అని, అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దదని మొదటి వాక్యంలోనే చెప్పి ఉంటే ఆమె ఎవరినీ అడగవలసిన పని ఉండేది కాదు.

మూడవ కారణం, పేజీ ఉండి, మాట కూడా ఉండి, సెర్చ్‌కు కనపడకపోవడం. సంతకం పెట్టిన సర్క్యులర్‌ను స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడితే అది సెర్చ్‌కు ఒక ఫొటో మాత్రమే. అందులోని అక్షరాలు దానికి చదవరావు. అందువల్ల సర్క్యులర్ సారాన్ని పేజీలో టైపు చేసి, పీడీఎఫ్‌ను దాని కింద జతచేయండి. ఇంకో చోటు అనుమతులు. హెడ్ ఆఫీసు వారికి కనిపించే పేజీ డిపోలో ఉన్నవారికి కనపడకపోవచ్చు, ఎందుకంటే సెర్చ్ వారికి చూసే హక్కు ఉన్న పేజీలనే చూపిస్తుంది. మీ లాగిన్‌తో వెతికి "నాకు వస్తున్నదే" అనకండి. వెతికిన మనిషి హోదా ఉన్న లాగిన్‌తో వెతికి చూడండి.

ఐదవది: ఫలితాలు వచ్చినా తెరవనివారిని గమనించండి

ఫలితాలు కనిపించాయి, ఎవరూ ఏదీ తెరవలేదు. లేదా వెంటనే మాట మార్చి మళ్ళీ వెతికారు. మాట మార్చి వెతికిన వరుస మీకు దొరికిన నిధి. మొదటి మాట ఆ మనిషి మనసులోని మాట, చివరి మాట మీ నాలెడ్జ్ బేస్‌కు లొంగిన మాట. ఆ రెండింటి మధ్య దూరమే మీరు పూడ్చవలసినది. "బిల్లు గడువు" నుంచి "ఈవే బిల్లు టైం అయిపోయింది" దాకా, అక్కడి నుంచి "వ్యాలిడిటీ పొడిగింపు" దాకా ఒకరు ప్రయాణం చేశారంటే, ఆ మూడు మాటలూ పేజీలో ఉండాలి.

ఒక జాగ్రత్త: తెరవకపోవడం ప్రతిసారీ వైఫల్యం కాదు. ఫలితాల జాబితాలో పేజీ పేరు కింద కనిపించే రెండు వరుసల్లోనే జవాబు దొరికితే మనిషి తృప్తిగా వెళ్ళిపోతాడు. క్యాంటీన్ వేళలు, ఆఫీసు ఫోన్ నంబరు వంటి వాటిలో ఇలా జరుగుతుంది. మళ్ళీ వెతికాడా, పావుగంటలో ఫోన్ చేశాడా అన్నది చూస్తే తేడా తెలుస్తుంది.

ఆరవది: వీక్షణల లెక్కను సందర్భంతో కలిపి చదవండి

ఎక్కువ వీక్షణలు ఉన్న పేజీ మంచి పేజీ అని అర్థం కాదు. అందులో తప్పు ఉంటే ఎక్కువమందికి తప్పు చేరుతున్నదని అర్థం. అందుచేత వీక్షణల జాబితాను నేను ముందుగా పరిశీలనకు వరుస నిర్ణయించుకునేందుకు వాడుతాను. పైనున్న పది పేజీల్లోని ప్రతి అంకెనూ, ప్రతి గడువునూ మూడు నెలలకొకసారి అసలు నిబంధనతో సరిచూడండి. ఈ-వే బిల్లు చెల్లుబాటు ఒకప్పుడు రోజుకు 100 కిలోమీటర్ల లెక్కన ఉండేది. 2021 జనవరి 1 నుంచి అది 200 కిలోమీటర్లు అయింది. మా పేజీలో పాత లెక్క ఆ తరువాత కూడా చాలాకాలం ఉండిపోయింది. అది ఎవరూ చూడని పేజీ అయితే నష్టం తక్కువ. కాని డిస్పాచ్ విభాగం రోజూ తెరిచే పేజీ అది. పేజీ అడుగున చివరగా సరిచూసిన తేదీని, బాధ్యుడి హోదాను రాసి ఉంచడం అప్పటి నుంచి మొదలుపెట్టాము.

తక్కువ వీక్షణలు ఉన్న పేజీలను తీసివేయాలన్న తొందర ఇంకా ప్రమాదకరం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి, ఉద్దానంలోని జీడి, కొబ్బరి తోటలను కూల్చివేసింది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు గోదాములోని బస్తాలను ఎత్తు మీదకు ఎలా చేర్చాలి, బాయిలరును ఏ వరుసలో ఆపాలి, జనరేటరు డీజిలు ఎంత ఉండాలి, ఎవరికి ముందు ఫోన్ చేయాలి అని రాసిన పేజీని ఏడాదిలో పదకొండు నెలలు ఎవరూ తెరవరు. వీక్షణల నివేదిక దాన్ని "వాడుకలో లేని పేజీ" అంటుంది. ఆ మాట విని దాన్ని తీసివేసిన సంస్థ ఒక రాత్రికి భారీ మూల్యం చెల్లిస్తుంది. తక్కువ వీక్షణలు ఉన్న ప్రతి పేజీ విషయంలోనూ మూడు ప్రశ్నలు వేయండి: ఇది అరుదుగా వచ్చే అవసరమా, సీజను అవసరమా, లేక దారి తెలియక ఎవరూ రానిదా? మూడింటికీ కాదు అన్న జవాబు వస్తేనే తీసివేయండి. అప్పుడు కూడా పాత చిరునామా తెరిచినవారు సరైన పేజీకి చేరేలా దారి మళ్ళించండి.

పేజీ మీద గడిపిన సమయాన్ని గురించి ఎక్కువ చెప్పను. ఐదు నిమిషాలు ఉన్నారంటే శ్రద్ధగా చదివారనీ అనవచ్చు, అర్థం కాక తికమకపడ్డారనీ అనవచ్చు, ఫోన్ బల్ల మీద పెట్టి టీకి వెళ్ళారనీ అనవచ్చు. ఆ ఒక్క అంకెను పట్టుకుని పేజీని మార్చకండి.

ఏడవది: మార్చే ముందు మనిషిని అడగండి

అంకె ఎక్కడ చూడాలో చెబుతుంది, ఏం చేయాలో చెప్పదు. "బోర్మా టైం" అనే మాట ఒక వారంలో హఠాత్తుగా పెరిగిందని నమోదులో కనిపిస్తే, ఆరబెట్టే గంటల మీద పేజీ రాద్దామని కూర్చోకండి. లేచి బోర్మా దగ్గరకు వెళ్ళండి. మేము వెళ్ళినప్పుడు తెలిసింది ఏమిటంటే, వారి సందేహం గంటల గురించి కాదు. రాత్రి షిఫ్టు నుంచి పగటి షిఫ్టుకు పని మారేటప్పుడు ట్రేలు ఎప్పుడు లోపల పెట్టారో ఎక్కడా రాయడం లేదు. కావలసింది పేజీ కాదు, గోడకు వేలాడదీసే ఒక పలక. అడగడానికి వెళ్ళేటప్పుడు "మీరు ఇది వెతికారట" అనకండి. "ఈ పనిలో ఈ మధ్య ఏ సందేహం ఎక్కువగా వస్తున్నదమ్మా" అని అడగండి. నమోదు మీద నమ్మకం నిలబడాలంటే ఈ జాగ్రత్త తప్పనిసరి.

అడిగి తెలుసుకున్న తరువాత పేజీని ఈ వరుసలో దిద్దండి. ముందు పేరు మార్చండి: వెతికిన మాట ముందు, అధికారిక మాట వెనుక. మా పేజీ ఇప్పుడు "లారీ చెడిపోయి సరుకు వేరే బండిలోకి మారిస్తే: ఈ-వే బిల్లు పార్ట్-బిలో వాహనం నంబరు మార్చడం" అనే పేరుతో ఉంది. పొడవుగా ఉందని కొందరు అభ్యంతరం చెప్పారు; దొరకని పొట్టి పేరుకంటె దొరికే పొడవు పేరే నయమని నా అభిప్రాయం. తరువాత మొదటి వాక్యంలోనే జవాబు పెట్టండి. "కొత్త బిల్లు తీయనక్కరలేదు, బండి కదిలే ముందు పార్ట్-బిలో కొత్త నంబరు వేయండి, గడువు చాలకపోతే అది ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిసిన 8 గంటల తరువాత వరకు పొడిగించవచ్చు." నిబంధన నేపథ్యం, స్క్రీన్ చిత్రాలు ఆ కింద రావాలి. ఫోన్ తెర మీద మొదట కనిపించే నాలుగు వరుసలే చాలామంది చదివే పేజీ అని గుర్తుంచుకోండి.

చివరగా, పేజీ అడుగున "ఈ మాటలతో కూడా వెతుకుతారు" అని ఒక వరుస పెట్టి, మూడవ మెట్టులో మీరు చేర్చిన రూపాలన్నీ అందులో రాయండి: బండి, లారీ, వెహికల్, ఈవే, ఈ వే, ఈ-వే, బ్రేక్‌డౌన్, నంబరు మార్పు. మీ సాఫ్ట్‌వేర్‌లో పర్యాయపదాల పట్టిక పెట్టుకునే సదుపాయం ఉంటే అక్కడ చేర్చడం ఇంకా మేలు, అప్పుడు ఒక్కసారి రాస్తే అన్ని పేజీలకూ వర్తిస్తుంది. అడిగినవారి మాటల్లోనే, అడిగిన సందర్భంలోనే విషయాన్ని నమోదు చేయాలన్నది 1992లో మొదలైన కేసీఎస్ (నాలెడ్జ్ సెంటర్డ్ సర్వీస్) పద్ధతి నియమాల్లో కూడా ఒకటి. కస్టమర్ సపోర్ట్ బృందాల కోసం పుట్టిన ఆ నియమం జీడిపప్పు ఫ్యాక్టరీకీ అంతే సరిపోయింది.

ఎనిమిదవది: అదే మాటను మళ్ళీ కొలవండి

మార్పు చేసిన తేదీని ఎక్సెల్‌లో రాసుకోండి. నాలుగు వారాల తరువాత అదే మూల అవసరానికి సంబంధించిన మాటలను మాత్రమే తీసి చూడండి: సున్నా ఫలితాలు తగ్గాయా, మొదటి వెతుకులాటలోనే పేజీ తెరుస్తున్నారా, ఆ విషయం మీద ఫోన్లు తగ్గాయా. మొత్తం నాలెడ్జ్ బేస్ సగటును చూస్తే ఒక పేజీలో చేసిన మార్పు అందులో కలిసిపోయి కనపడదు.

మన వంటి చిన్న సంస్థలు శాతాల విషయంలో ఎంతో జాగ్రత్తగా ఉండాలి. ఉదాహరణకు ఒక అవసరం కోసం పోయిన నెల 12 సార్లు వెతికితే 3 సార్లు ఫలితం రాలేదనుకోండి, అది 25 శాతం. ఈ నెల 10 సార్లు వెతికితే 4 సార్లు రాలేదనుకోండి, అది 40 శాతం. నివేదికలో ఇది పెద్ద పతనంలా కనిపిస్తుంది. నిజానికి తేడా ఒకే ఒక వెతుకులాట. నెలకు వంద వెతుకులాటలు కూడా లేనిచోట శాతాలు వేయడం మానేసి, "12లో 3", "10లో 4" అని రాయండి, వాటి పక్కన ఆ మాటలను కూడా రాయండి. యాజమాన్యం ముందు పెట్టేటప్పుడు కూడా నేను ఒక పట్టీ చిత్రానికి బదులు, ఫలితం దొరకని ఐదు మాటలను ఉన్నవి ఉన్నట్టు చదివి వినిపిస్తాను. "బండి మారింది" అన్న మాట విన్న రోజు డిస్పాచ్ పేజీలన్నీ తిరగరాయడానికి ఒక మనిషిని ఇవ్వడానికి మా యజమాని ఒప్పుకున్నారు. అంతకుముందు మూడు నెలలు చూపించిన గీతలకు ఆ ఫలితం రాలేదు.

పని వేళలు ఇలా పెట్టుకోండి. ప్రతి సోమవారం ఉదయం అరగంట, ఫలితం రాని మాటలు చదవడం, చిన్న పేర్ల మార్పులు అప్పుడే చేసేయడం. నెలాఖరున రెండు గంటలు, మాటలను చేర్చి లెక్కపెట్టడం, రెండు లేదా మూడు పేజీలను పూర్తిగా దిద్దడం. అంతకుమించి పెట్టుకోకండి, ఎందుకంటే ప్రతి పేజీకీ మనిషిని అడిగే సమయం కావాలి. ఉద్దానం పిక్కలు మార్చిలో రావడం మొదలవుతాయి కాబట్టి ఫిబ్రవరిలో పోయిన ఏడాది మార్చి నుంచి మే వరకు వెతికిన మాటలను తీసి, కొనుగోలు, తేమ పరీక్ష, బస్తా తూకం పేజీలను సరిచూసుకోండి. సెప్టెంబరు మొదటి వారంలో తుపాను పేజీని తెరిచి, అందులోని ప్రతి ఫోన్ నంబరుకూ మీరే స్వయంగా ఫోన్ చేసి, పలుకుతున్నదో లేదో చూసి, సరిచూసిన తేదీ వేయండి.